తలకింత చోటు

మా నాన్న నాకు సంబంధం చూడ్డానికి వచ్చినప్పుడు పెళ్ళికొడుకు ముఖం సరిగ్గా చూడనేలేదు. బావిని చూశాడు. ఆయన నూలుకు రంగులు వేసే మనిషి, నీళ్ళతోనే బతికిన మనిషి. చేతులు కడుక్కోమని పెరట్లోకి తీసుకెళ్తే, చేద వేసి తాడు కాస్త వదిలాడో లేదో నీళ్ళు తగిలాయట. దోసిలి పట్టి తాగాడు. ఇంటికొచ్చి మా అమ్మతో, "అబ్బాయి సంగతి ఆ పైవాడికెరుక. నీళ్ళు మాత్రం బంగారం. పిల్ల సుఖపడుతుంది" అన్నాడు. అబ్బాయి సంగతి నాకు కాపురానికి వచ్చాక తెలిసింది. మంచివాడే, నోరు లేనివాడు. ఆ ఇంట్లో నోరంతా మా అత్తగారిదే.

పిల్లలందరూ తలో దిక్కూ వెళ్ళిపోయారు, ఇల్లు బోసిపోయింది అని కళ్ళు ఒత్తుకునే వాళ్ళని చూస్తే నాకు జాలి కలగదు, అసూయ కలుగుతుంది. మా ఇంట్లోంచి ఎవరూ వెళ్ళలేదు. "ఈ గేటు దాటి వేరు కాపురం పెట్టినవాడు నా కొడుకు కాడు" అని మా అత్తగారు ముగ్గురు కొడుకులకీ చెప్పింది. ముగ్గురూ బుద్ధిమంతులు. వాళ్ళ పిల్లలు ఇంకా బుద్ధిమంతులు. పుట్టినవాడు పుట్టినట్టే ఉండిపోయాడు, పెళ్ళి చేసుకుని ఇంకొకరిని తెచ్చుకున్నాడు, వాళ్ళిద్దరూ కలిసి మరో ఇద్దర్ని కన్నారు.

నేను వచ్చేనాటికి అది నాలుగు గదుల ఇల్లు. ముందు మట్టి నేల, ఒక బాదం చెట్టు. వెనక మూల బావి. వాన పడితే మట్టివాసన వచ్చేది, రెండు రోజుల్లో బావిలో నీళ్ళు పైకొచ్చేవి. ఇది చెబితే మా కోడలు నవ్వుతుంది. వానకీ బావికీ సంబంధం ఏమిటత్తయ్యా, అంటుంది. దాని తప్పు లేదు. అది పుట్టి పెరిగిన వీధిలో వాన పడితే నీళ్ళు మురుగు కాలవలోకే పోతాయి.

చోటు పంచడానికి మా అత్తగారు ఒక న్యాయం పెట్టింది. ఎవరి సంసారంలో ఎన్ని తలలుంటే వాళ్ళకి అంత చోటు. వినడానికి ఎంత ధర్మంగా ఉందో చూడండి. మా మరిది భార్యకి మూడోసారి నెల తప్పగానే వరండా వాళ్ళకి పోయింది. అది చూసి మా పెద్ద తోడికోడలు చేతులు ముడుచుకుని కూర్చుంటుందా? ఏడాది తిరిగేసరికి ఆవిడా ఒడి నింపుకుంది, వెనక వసారా సంపాదించుకుంది. వాళ్ళకి నాలుగైతే వీళ్ళకి నాలుగు. ఆ ఇంట్లో పురిటి వార్త వినగానే మొదట అడిగే మాట "ఆడపిల్లా, మగపిల్లాడా" కాదు, "ఇప్పుడు ఏ గోడ జరుగుతుంది" అని. పిల్లల కోసం గదులు కట్టుకున్నామో, గదుల కోసం పిల్లల్ని కన్నామో, ఆ ఇద్దరినీ ఒట్టేసి చెప్పమంటే చెప్పలేరు.

నాకు ఒక్కడే కొడుకు. తర్వాత ఇంక వద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. "మూడు తలలకి ఒక్క గది ఎక్కువే" అని మా అత్తగారు బావి పక్క గది మాకు ఇచ్చింది. గోడలకి చెమ్మ, తెల్లారకముందే గిలక చప్పుడు, ఆ గది ఎవరికీ అక్కర్లేదు. నాకు మాత్రం లోపల్లోపల సంతోషమే. కిటికీ తీస్తే చల్లటి గాలి వచ్చేది. అందరికీ గదులు దొరికితే నాకు బావి దొరికిందనుకున్నాను. ఎవరితోనూ అనలేదు, అంటే దానికీ వాటా అడుగుతారని.

మా మరిదికి ఇంట్లో పిల్లలు పెట్టిన పేరు టేపు. చొక్కా జేబులో కొలతల టేపు లేకుండా ఆయన భోజనానికి కూడా కూర్చోడు. మా వాకిలి మీద ఆయన టేపు పడని జాగా లేదు. మా పెద్దబావగారి స్కూటరు గీత దాటి నాలుగు వేళ్ళు ఇవతలికి వచ్చిందని ఆయన ఒకసారి మూడు రోజులు అన్నం మానేశాడు. ఇల్లు ఇరకటం, ఆలు మర్కటం అంటారు గానీ, మా ఇంట్లో మర్కటాలు మగవాళ్ళే.

పక్కకి చోటు అయిపోయాక పైకి వెళ్ళారు. మేడ మెట్లకి బాదం చెట్టు అడ్డమొచ్చింది. చెట్టుకి తల లేదు కదా, అందుకని దానికి చోటూ లేదు. కొట్టేశారు. బురద అంటుతోందని వాకిలంతా సిమెంటు చేయించారు. మేడ మీద మేడ వేశారు. మేమే కాదు, వీధి వీధంతా అదే పని. ఎదురింటి బాల్కనీ మా బాల్కనీని దాదాపు ముట్టుకుంటుంది. వాళ్ళ పోపు ఘాటుకి మేము తుమ్ముతాం. వీధి చివర ఒకప్పుడు గుట్ట ఉండేది. దాన్ని పగలగొట్టి కంకర చేశారు. అది ఇప్పుడు మా అందరి శ్లాబుల్లో ఉంది. కాలవలో ఇసక తీసి తీసి అడుగున నల్లటి బంకమన్ను తేలింది. ఎవరినేం అంటాం? అందరికీ పిల్లలున్నారు, అందరికీ గదులు కావాలి.

బావిలో తాడు పొడుగవుతూ వచ్చింది. తర్వాత తాడుతో పనిలేకుండా ముగ్గురన్నదమ్ములూ మూడు మోటార్లు దింపారు. ఎవరి మోటారు ముందు వేస్తే వాళ్ళ పైట్యాంకు నిండుతుంది గనక ముగ్గురూ ఒకేసారి వేసేవాళ్ళు. అడుగున బురద గర్రున లాగేది. ఎండాకాలంలో నేను కిటికీలోంచి చూస్తుంటే ఆ బావి కనుగుడ్డు లేని కన్నులా ఉండేది. అయినా వానలకి కొంచెం కోలుకునేది. దానికి ఇంకా ఆశ చావలేదు, నాకూ చావలేదు.

ఇలా ఉండగా పెద్దబావగారి రెండో కొడుక్కి పెళ్ళి కుదిరింది. పైన ఇంకో అంతస్తు లేచింది. అంతమంది వాడకానికి పాత సెప్టిక్ ట్యాంకు ఆగలేదు, వారం తిరక్కుండా పొంగడం మొదలుపెట్టింది. ఇంకొకటి తవ్వాలి. ఎక్కడ? టేపు గారు టేపు తీశారు. ముందువైపు పెద్దబావగారి కారు ఉంది. ఆ కారు తిరిగేది నెలకోసారి, అయినా అది ఆయన ప్రాణం. పక్కన మరిదిగారు అద్దెకిచ్చిన కొట్టు. మెట్ల కింద ఆయన కూతురు కుట్టుమిషను పెట్టుకుంది. ఎటు చూసినా ఎవరో ఒకరి చోటే. ఎవరి పేరూ లేని జాగా ఆ ప్రహరీలో ఒక్కటే మిగిలింది, బావి చుట్టూ ఉన్న చప్టా. అది ఉమ్మడి.

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అన్నారా?

"బావి పక్కనా? తాగే నీళ్ళ పక్కన ఆ గొయ్యి తవ్వుతారా?" అన్నాను మేస్త్రీతో.

"సిమెంటు ఒరలు దింపుతామమ్మా. జాయింట్లు పూడ్చేస్తాం. చుక్క బయటికి రాదు."

"అడుగున?"

"అడుగున మూసేస్తే రెండు నెలల్లో నిండిపోద్ది కదమ్మా. కొంచెం నేలలోకి ఇంకాలి." ఆయన అబద్ధం చెప్పలేదు. అడిగినదానికి అడిగినట్టే చెప్పాడు.

నేను అత్తగారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ మంచం మీద కూర్చుని మునిమనవడికి ఉగ్గు పడుతోంది. "నీకు గది ఇచ్చాను గానీ బావి రాసివ్వలేదే" అంది తల ఎత్తకుండా. "ఆ గొయ్యి తవ్వకపోతే ఇంతమంది ఎక్కడికి పోతారు? నీ కొడుకు పైకి వెళ్ళడా? నీ కోడలు వెళ్ళదా?" అక్కడున్న పిల్లలు కిసుక్కున నవ్వారు. మా ఆయన్ని అడిగాను, ఏమైనా మాట్లాడండి అని. "అందరూ అనుకున్నాక మనం అడ్డం పడితే బాగుండదే" అన్నారు. ఆయన జీవితంలో దేనికీ అడ్డం పడలేదు.

తవ్వారు. మొదట్లో ఏమీ కాలేదు. "చూశావా వదినా, ఊరికే కంగారు పడ్డావు" అని మరిది నవ్వాడు కూడా.

వానలు మొదలయ్యాయి. ఆ ఏడు మంచి వానలు. బావిలో నీళ్ళు పైకొస్తుంటే నాకు పుట్టింటివాళ్ళు వచ్చినంత సంబరంగా ఉంది. ఒక పొద్దున కిటికీ తీస్తే గాలి చల్లగానే వచ్చింది గానీ, దాంతోపాటు వాసన కూడా వచ్చింది. నీళ్ళు కాచుకుని తాగండర్రా అని అన్ని అంతస్తులూ ఎక్కి దిగి చెప్పాను. గ్యాసు ఎవడిస్తాడు అన్నారు. పైవాళ్ళ పిల్లలకి విరేచనాలు పట్టుకున్నాయి. మామిడిపళ్ళు తిన్నారన్నారు. ఎండ దెబ్బ అన్నారు, వానాకాలంలో.

తర్వాత మా బుడ్డికి పట్టుకుంది. బుడ్డి అంటే నా మనవరాలు. అప్పుడప్పుడే గోడ పట్టుకుని నిలబడుతోంది. దానికి తల్లిపాలు చాలక డబ్బాపాలు కలిపేవాళ్ళం. మా గదిలో మేము నీళ్ళు కాచేవాళ్ళం, నేను దగ్గరుండి కాచేదాన్ని. కానీ ఒకే గదికి మధ్యలో పరదా కట్టుకుని రెండు సంసారాలు బతుకుతున్న చోట ఎవరి చెంబు ఎవరికి తెలుస్తుంది? మా కోడలు నిద్రకళ్ళతో ఏ బిందెలోంచి ముంచిందో దానికే తెలియదు. పిల్ల కళ్ళు లోతుకుపోయాయి. ఏడిస్తే కన్నీళ్ళు కూడా రాలేదు. ఆస్పత్రిలో దాని చేతికి సూది పెట్టడానికి నరం దొరక్క నర్సమ్మ కాలికి పెట్టింది. ఆ గదిలో ఒక్కో మంచానికి ఇద్దరేసి పిల్లలు. మా మంచం మీద అవతలి పిల్ల మా వీధిదే.

"ఏ నీళ్ళు తాగుతున్నారు?" అని డాక్టరు అడిగాడు.

"బావి నీళ్ళు" అన్నాను. ఆ మాట చెప్పడానికి నాకు సిగ్గేసింది. మా నాన్న దోసిలి పట్టి తాగిన నీళ్ళవి.

పిల్ల బతికింది. చచ్చి బతికింది. ఇంటికి తెచ్చిన రోజున అందరూ మా గది ముందు చేరారు. బొమ్మలు తెచ్చారు, బత్తాయిలు తెచ్చారు. పెద్దక్క, అదే మా పెద్ద తోడికోడలు, కళ్ళనీళ్ళు పెట్టుకుంది, అబద్ధపు నీళ్ళు కాదు, నిజం నీళ్ళే. తర్వాత మాట్లాడుకోవాలని మా అత్తగారు అందర్నీ మెట్ల దగ్గర కూర్చోబెట్టింది.

"బావి మన ఇంటికి ప్రాణం" అన్నారు పెద్దబావగారు.

"తాతల నాటిది" అన్నాడు మరిది.

"ఆ గొయ్యి అక్కడ తవ్వమని అసలు ఎవరన్నారు?" అంది పెద్దక్క, ఆకాశం వంక చూస్తూ.

అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. "సరే, ఎవరన్నారో వదిలేద్దాం" అన్నాను. "గొయ్యి పూడ్చి వేరేచోట తవ్వుదాం. బావి తోడించి శుభ్రం చేయిద్దాం. బావగారూ, మీ కారు రోడ్డు మీద పెట్టుకుంటే ఆ జాగా సరిపోతుంది."

"రోడ్డు మీద పెడితే గీతలు పడతాయమ్మా" అన్నారాయన, నేనేదో పసిపిల్ల ప్రాణం అడిగినట్టు నొచ్చుకుంటూ.

"నువ్వయ్యా? ఆ కొట్టు?"

"వాడు ఖాళీ చేస్తే ఇంకొకడు దొరకడు వదినా. పిల్లల చదువులు." టేపు జేబులోంచి తీసి బయటికి లాగి వదిలాడు. అది టక్కున లోపలికి పోయింది. "ఎటు కొలిచినా చోటు లేదు. కొలిచే చెప్తున్నాను."

అప్పుడు నేను చెప్పాల్సింది చెప్పేశాను. "అయితే మా గది తీసుకోండి. సగం కొట్టి అక్కడ గొయ్యి తవ్వండి. బావికి దూరంగా, వీధి వైపు సగం. మేము మిగతా సగంలో సర్దుకుంటాం."

ఒక్క క్షణం అందరి ముఖాల్లోనూ వెలుగు చూశాను. వాళ్ళు ఒప్పుకునేవాళ్ళే. పోయేది వాళ్ళది కాదు కదా.

నా కొడుకు లేచాడు. వాడు గట్టిగా మాట్లాడి ఎరగడు, తండ్రి పోలిక. ఆ రోజు మాత్రం మెడ నరాలు ఉబ్బాయి.

"సగంలో ఎక్కడ సర్దుకుంటామమ్మా? ఇప్పుడే పరదాకి అటు మీరు, ఇటు మేము. నాన్న దగ్గితే నాకు మెలకువ వస్తుంది. నేను నా పెళ్ళాంతో మనసు విప్పి నాలుగు మాటలు మాట్లాడి ఎన్నాళ్ళయిందో నీకు తెలుసా? నీకు బావి కావాలా, మేం కావాలా?"

"ఆ నీళ్ళే లేకపోతే మీరెక్కడ్రా?"

"ఆ నీళ్ళ వల్లే నా కూతురు చావబోయింది! పూడ్చిపారెయ్యండి దాన్ని. ట్యాంకరు తెప్పించుకుందాం. వీధిలో అందరూ తెప్పించుకోవట్లేదా?"

నేను కోడలి వంక చూశాను. అది పిల్లని భుజాన వేసుకుని నేల చూపులు చూస్తోంది. తర్వాత మెల్లిగా అంది. "బావి పూడిస్తే అక్కడ ఒక గది వస్తుంది కదా అత్తయ్యా. మాకు."

మా అత్తగారు ఆ మాట పట్టుకుంది. ఎనభై ఏళ్ళు దాటినా ఆవిడ లెక్క తప్పదు. "పిల్ల తెలివైంది" అంది. "నిజమే, వీళ్ళకి అన్యాయం జరిగింది. తలలు అయిదయ్యాయి, చోటు ఒక్క గదే. పూడ్చండి. ఆ జాగా వీళ్ళదే." అందరూ హమ్మయ్య అనుకున్నారు. న్యాయం జరిగింది. తిలా పాపం తలా పిడికెడు పంచుకుని ఎవరి అంతస్తుకి వాళ్ళు ఎక్కిపోయారు. మా ఆయన మాత్రం చాలాసేపు అక్కడే కూర్చున్నారు. "పోనీలేవే, వాడికో గది వచ్చింది" అన్నారు చివరికి. ఆయన మీద కోప్పడే ఓపిక కూడా నాకు లేకపోయింది.

పై అంతస్తు కట్టగా మిగిలిన పెచ్చులూ రాళ్ళూ మేడ మీదే కుప్పగా ఉన్నాయి. కూలీలు తట్టలతో దించి బావిలో పోశారు. నేను కిటికీ వేసుకుని కూర్చున్నాను, చప్పుడు మాత్రం ఎక్కడికి పోతుంది? మొదట దబ్బుదబ్బుమని లోతుగా వినపడింది. పోయే కొద్దీ దగ్గరగా వినపడింది. కాసేపటికి బయట పిల్లల కేరింతలు. ఏమిటా అని తలుపు తీశాను.

వానల నీళ్ళు లోపల నిండుగా ఉన్నాయి. రాళ్ళు పడే కొద్దీ అవి పైకొచ్చి, గట్టు దాటి, సిమెంటు వాకిలంతా పారుతున్నాయి. నేను ఆ ఇంటికి వచ్చిన ఇన్నేళ్ళలో ఆ బావి పొంగడం చూడలేదు. అది పొంగిన రోజు అదే. ఇంట్లో పిల్లలంతా దిగొచ్చి ఆ నీళ్ళలో గెంతుతున్నారు, ఒకరి మీద ఒకరు చల్లుకుంటున్నారు. "నానమ్మా, బావి పొంగింది, బావి పొంగింది" అని అరుస్తున్నారు. అవి ఏం నీళ్ళో నాకు గుర్తొచ్చింది. ఒక్కొక్కళ్ళనీ రెక్క పట్టుకుని బయటికి ఈడ్చాను, దొరికినవాడిని దొరికినట్టు కొట్టాను. వాళ్ళ తల్లులు మేడ మీంచి నన్ను తిట్టారు. తిట్టనీ. నేను ఏడుస్తున్నానని ఎవరూ చూడలేదు, లేదా చూసినా కొట్టినందుకు ఏడుస్తున్నాననుకున్నారు.

గది త్వరగానే లేచింది. నా కొడుకు గోడలకి లేతనీలం రంగు వేయించుకున్నాడు. గదిలోకి వెళ్ళిన నెలకే కోడలికి వేవిళ్ళు మొదలయ్యాయి. మా అత్తగారు నన్ను పిలిచి "ఆరు" అంది, వేళ్ళు చూపిస్తూ. ఆవిడ నన్ను చూసి అంత ప్రేమగా నవ్వడం అదే మొదలు.

ట్యాంకరు మా సందులోకి రాదు. రెండు వైపులా ఇళ్ళవాళ్ళు మెట్లు ముందుకి జరుపుకుని జరుపుకుని, లారీ పట్టేంత దారి మిగల్లేదు. సందు మొదట్లో ఆగుతుంది. దాని నీళ్ళు ఏ ఊరి నుంచి వస్తాయని డ్రైవరుని అడిగితే, "ఇంకా ఉన్న ఊరి నుంచి" అన్నాడు. వీధి ఆడవాళ్ళమంతా బకెట్లు పట్టుకుని నిలబడతాం. ఒకరినొకరు తోసుకుంటాం, జుట్లు పట్టుకున్న రోజులూ ఉన్నాయి. నా వంతు వచ్చాక రెండు బకెట్లు పట్టుకుని సందంతా నడిచి, గేటు తీసి, కారుకీ కొట్టుకీ మధ్య ఒత్తిగిలి, వెనక్కి వస్తాను. మా గదిలోకి వెళ్ళాలంటే ఇప్పుడు కొడుకు గదిలోంచే దారి.

మొన్న అలాగే వస్తూ గుమ్మం దగ్గర కాలు తడబడింది. బకెట్టు తొణికి గ్లాసెడు నీళ్ళు నేల మీద పడ్డాయి. నా కొడుకు మంచం మీద పడుకుని ఫోను చూసుకుంటున్నాడు. తల తిప్పి చూశాడు.

"చూసుకుని నడవమ్మా" అన్నాడు విసుగ్గా. "నీళ్ళు ఒలకబోయకు. అసలే ఈ గదిలో నేల చెమ్మ ఆరి చావట్లేదు."